స్టోర్స్‌లో డబ్బా వేరైతే ఫైలూ వేరే ఉండాలి

బాలానగర్‌లో ఏ వర్క్‌షాపు స్టోర్స్‌కి వెళ్లినా గోడ పొడవునా బోల్టుల డబ్బాలు కనిపిస్తాయి. ఎం8 ఒకదాంట్లో, ఎం10 ఇంకోదాంట్లో. ఎం8లోనే 25, 30, 35 మిల్లీమీటర్ల పొడవులకు మళ్లీ వేర్వేరు డబ్బాలు. ఎం8లన్నిటికీ 13 నంబరు పానానే పడుతుంది కదా అని స్టోర్‌కీపర్ ఒక్కచోట పోయడు. పోస్తే బిగించేవాడి చేతికి ఏది వస్తుందో ఆయనకు తెలుసు.

అదే బోల్టు కంప్యూటర్ డిజైన్‌లోకి వచ్చేసరికి ఆ జాగ్రత్త మనలో చాలామందికి ఉండటం లేదు.

ఒక బోల్టు మోడల్ చేసి, వ్యాసం, పొడవు వంటి కొలతలు పట్టికలో పెడితే ఒక్క ఫైలే వంద సైజులు ఇస్తుంది. సాలిడ్‌వర్క్స్‌లో వాటిని కాన్ఫిగరేషన్లు అంటారు. ఎక్సెల్‌తో నడిపే పట్టిక డిజైన్ టేబుల్. క్రియోలో ఇదే ఫ్యామిలీ టేబుల్. ఇన్వెంటర్ ఐపార్ట్‌ది వేరే దారి: పట్టిక ఉన్న ఫైలు ఫ్యాక్టరీ, అసెంబ్లీలో వాడిన ప్రతి సైజూ అందులోంచి విడి ఫైలుగా బయటికొస్తుంది. సైజులు ఒకే ఫైలులో ఉన్నాయా, విడిగా ఉన్నాయా అన్నది పైకి చిన్న తేడాలా కనిపిస్తుంది. దాని బరువెంతో నాకు ఒక పంపు స్టాండు నేర్పింది.

కొన్నేళ్ల కిందట ఆ స్టాండు అసెంబ్లీని వెండర్‌కు పంపాం. మా దగ్గర బోల్టులన్నీ ఎం8, పొడవు 30. ఆ సైజు ఒక మాస్టర్ ఫైలులోని కాన్ఫిగరేషన్. ఆ మాస్టర్‌ను జతచేయడం మరిచాం. అక్కడ తెరిస్తే వాళ్ల లైబ్రరీలో అదే పేరున్న ఫైలు దొరికింది గానీ అందులో మా సైజు లేదు. దాని బదులు ఇంకో సైజు వచ్చి కూర్చుంది. ఫ్లాంజ్ రంధ్రాలకన్నా లావైన బోల్టులు చూసి వాళ్లు ఫోన్ చేశారు. బతికిపోయాం. పొడవులో 5 మిల్లీమీటర్ల తేడాయే వచ్చుంటే ఎవరి కంటికీ ఆనేది కాదు. బిగింపు రోజున బయటపడేది. తప్పు పూర్తిగా మాదే.

రివిజన్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఫైళ్లనూ వాటి రివిజన్లనూ చూసుకునే పీడీఎం సాఫ్ట్‌వేర్‌లో మనం చెక్‌ఔట్ చేసేది ఫైలును. ఒకరు 40 పొడవు చేర్చడానికి దాన్ని తీసుకుంటే, 30 మీద పని ఉన్నవాళ్లు ఆగాలి. కొత్త రివిజన్ ఫైలుకు పడుతుంది కాబట్టి ఏ మార్పూ లేని సైజులకూ అదే అంటుకుంటుంది. పాత డ్రాయింగ్ పట్టుకుని లేత్ దగ్గర నిలబడ్డ మనిషి ఏది నమ్మాలి?

అలాగని పట్టికను వదిలేయమనను. డిజైన్ ఇంకా కుదురుకోనప్పుడు దానంత మేలు చేసేది లేదు. ఐదు సైజుల బ్రాకెట్‌లో రంధ్రం ఒకసారి జరిపితే ఐదూ మారతాయి. ఐదు విడి ఫైళ్లుంటే ఒకటి మరిచిపోతాం. అందుకే నా మాట ఇది: సైజులన్నీ ఒకే ఇంట్లో పెరగాలి, పార్ట్ నంబరు పడ్డ రోజున వేరు కాపురం పెట్టాలి. ఆ నంబరే ఫైలు పేరు కావాలి. మాస్టర్ మారితే, మార్పు తగిలిన సైజుల్నే మళ్లీ తీసి వాటికే కొత్త రివిజన్ వేయాలి.

బోల్టుల విషయంలో ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు. వాటి కొలతలు ఐఎస్ 1364 వంటి ప్రమాణాల్లో స్థిరపడి ఉన్నాయి, మనం మార్చేదేమీ లేదు. సాలిడ్‌వర్క్స్‌లోని ప్రామాణిక భాగాల లైబ్రరీ అయిన టూల్‌బాక్స్‌లో సైజుకో విడి ఫైలు తయారుచేసే ఆప్షన్ ఉంది. మొదటిరోజే దాన్ని ఎంచుకోవాలి. లైబ్రరీ సర్వర్‌లో ఒక్కచోటే ఉండాలి, దానికి స్టోర్‌కీపర్‌లా బాధ్యత పడే మనిషి ఒకరుండాలి. బయటికి పంపేటప్పుడు, అసెంబ్లీ ఫైళ్లన్నిటినీ ఒకచోట చేర్చే ప్యాక్ అండ్ గోలో టూల్‌బాక్స్ భాగాలను కూడా చేర్చాలి.

ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకులకు ఒక విన్నపం. పరీక్షలో విద్యార్థి ఒంటరిగా కూర్చుని ఒక మోడల్ గీస్తాడు. ఆఫీసులో అతని ఫైలు మీద పదిమంది పని ఆధారపడుతుంది. ఆ పదిమంది సంగతి ల్యాబ్‌లోనే తెలియాలి. చివరి గంట ఇందుకు కేటాయించండి. ప్రతి జట్టు అసెంబ్లీనీ పక్క జట్టు కంప్యూటర్లో తెరిపించండి. అక్కడా బోల్టు ఎం8గానే, 30 పొడవుతోనే కనిపిస్తే అప్పుడు మార్కులు వేయండి.