మోకాలి కోసం కిడ్నీని పణంగా పెట్టొద్దు

పలాస, టెక్కలి, ఉద్దానం ప్రజలారా!

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. కిడ్నీకి చేటు చేసేదొకటి మాత్రం అందరికీ తెలుసు: నొప్పి బిళ్ళ. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీకి చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. మోకాలు పట్టేస్తే మనం మొదట మింగేది వాటినే.

కబడ్డీలో కాలు మెలిపడిన కుర్రాడికి, ఆర్మీ సెలక్షన్ల కోసం పరుగులు తీసే యువకుడికి, జీడి పనిలో గంటల తరబడి నేలమీద కూర్చునే అక్కకు నొప్పి ఎందుకొచ్చిందో ముందు చూడాలి. అది మినిస్కస్ చిరుగు కావచ్చు. మోకాలి ఎముకల నడుమ నెలవంకలా ఉండే ఈ మెత్తకు రక్తం అందేది బయటి అంచుకే. అందుకే లోపలి చిరుగు దానంతటదే మానదు. చిరిగిన ముక్క కోసేస్తే కీలు త్వరగా అరుగుతుంది. వీలున్నచోట కుట్టడమే మేలు.

ఆ కుట్టు మానడానికి తోడ్పడవచ్చనుకునేదే పీఆర్‌పీ. రోగి రక్తాన్నే యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని కుట్టుచోట వేస్తారు. 2018లో పోలండ్ వైద్యులు 37 మందిపై ప్రచురించిన పరీక్షలో పీఆర్‌పీ వేసినవారిలో 85 శాతం మందికి కుట్టు మానింది, వేయనివారిలో 47 శాతం మందికే. తేడా కనిపించని అధ్యయనాలూ ఉన్నాయి. పైగా కిడ్నీ జబ్బు ముదిరితే ప్లేట్‌లెట్ల పనితీరే మందగిస్తుంది. కనుక మన మనుషులకు ఇది ఎంత పనిచేస్తుందో మన దగ్గరే తేలాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. ఆ పని అక్కడే జరగాలి.

మా డిమాండ్లు:

1. మోకాలి నొప్పికి బిళ్ళ రాసేముందు కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయాలి. డాక్టరు చీటీ లేకుండా ఈ బిళ్ళలు అమ్మరాదు.

2. టెక్కలి ప్రభుత్వాసుపత్రిలో వారానికొక రోజు మోకాలి క్లినిక్, ఫిజియోథెరపీ ఉండాలి. కుట్టదగిన చిరుగుంటే ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి పంపాలి.

3. కుట్టుతోపాటు పీఆర్‌పీని ఎథిక్స్ కమిటీ అనుమతితో, రోగి సమ్మతితో, ఉచితంగా ఇవ్వాలి. మోకాలి ఫలితాన్నీ కిడ్నీ పరీక్షలనూ నమోదు చేసి ప్రజల ముందుంచాలి.

అప్పటిదాకా అన్ని మోకాళ్ళకూ ఒకటే మందని పీఆర్‌పీ సూది అమ్మేవారికి అప్పుచేసి డబ్బు కట్టకండి. వచ్చే గ్రామసభలో ఈ మూడింటిపై తీర్మానం చేయించి, కలెక్టరుకు పంపండి.

ఇట్లు
ఉద్దానం ఆరోగ్యం కోరేవారు