ముఖం వదిలి పొట్ట చూడండి

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో మంగాకా బొమ్మ ఒకటుంది. 118 సెంటీమీటర్ల ఎత్తు. రెండు చేతులూ నడుం మీద పెట్టి, కాస్త ముందుకు వంగి, తెల్లగుడ్లు మిటకరించి మన మీదికి వస్తున్నట్టే ఉంటాడు. ఒంటినిండా మేకులు, ఇనుప ముక్కలు. చూసినవాళ్లలో చాలామంది ఆ కళ్ల దగ్గరే ఆగిపోతారు. స్క్రీన్‌షాట్ తీసి, కింద 'చేతబడి బొమ్మ' అని రాసి గ్రూపులో పడేస్తారు. సినిమాలు చెప్పిన చదువు మరి.

మంగాకా పని చేతబడి కాదు, తీర్పరితనం. 19వ శతాబ్దం రెండో సగంలో, ఆఫ్రికా అట్లాంటిక్ తీరాన చిలోవాంగో నది పరిసరాల్లోని కాంగో జాతి ఊళ్లలో వ్యాపార ఒప్పందం కుదిరినా, పాత తగువు రాజీకొచ్చినా, అతని ఎదుట ప్రమాణం చేసి ఒంట్లోకి ఇనుప ముక్క దిగ్గొట్టేవారు. మాట తప్పినవాణ్ని వెంటాడి పట్టుకునే బాధ్యత ఇక అతనిదే. ఆ లెక్కన ఒక్కో మేకూ ఒక్కో దస్తావేజు. ఫొటోని పెద్దది చేసి చూడండి, మేకులన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని సన్నం, కొన్ని రేకుల్లా వెడల్పు. ఒక శిల్పి ఒక్క కూర్పున అమర్చిన అలంకారం కాదది. ఏళ్ల తరబడి రకరకాల మనుషులు తమతమ పనుల మీద వచ్చి పెట్టిపోయిన గుర్తులు.

శిల్పి చేతిలోంచి వచ్చేనాటికి అది వట్టి కొయ్యే. ఎన్‌గంగా అనే క్రతువుల నిపుణుడు సమాధి మట్టి, తెల్లసుద్ద, మూలికల వంటివి కలిపిన మందును బొమ్మ పొట్టలో నింపితేనే అది ఎన్‌కిసి, అంటే శక్తి ఉన్న వస్తువు, అవుతుంది. ప్రాణప్రతిష్ఠ అంటే తెలిసిన మనకు ఇంతకుమించి విడమరచనక్కర్లేదు. నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం దీనికి అవతలి సంగతి. 2015లో మెట్రోపాలిటన్ వాళ్లు ప్రదర్శన కోసం ఎక్కడెక్కడి మంగాకాలనో ఒకచోట చేర్చారు. వాటిలో చాలావాటి పొట్టల్లో ఆ మందు లేదు. తెల్లవాళ్ల చేతికి వెళ్లకముందే ఎన్‌గంగాలు దాన్ని తీసేసి ఉంటారని పరిశోధకుల అంచనా. వలస అధికారులకు, మిషనరీలకు ఈ బొమ్మలు కంటగింపు. తమది కాని న్యాయస్థానం ఒకటి ఊళ్లో నడుస్తుంటే ఏ ప్రభుత్వం ఊరుకుంటుంది? దొరికినవాటిని పట్టుకుపోయారు. పట్టుకుపోయింది ఖాళీ చేసిన ఇల్లు.

అందుకే ఆన్‌లైన్‌లో ఇలాంటివి చూసేవాళ్లకు నాదొక సలహా: ముఖం కంటే ముందు పొట్ట చూడండి, ఫొటో కంటే ముందు దాని కింది చిన్న అక్షరాలు చదవండి. ఏ పదార్థాలతో చేశారు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అనే ఆ రెండు పంక్తుల్లో ఉన్నంత కథ ఏ ఫొటోలోనూ లేదు.

యొరుబా జాతి ఇబేజీ బొమ్మల విషయంలోనూ అంతే. వాళ్లుండే నైరుతి నైజీరియాలో కవలలు పుట్టడం ప్రపంచంలోకెల్లా ఎక్కువ. ఇద్దరిలో ఒకరు పోతే జానెడు పైచిలుకు చెక్కబొమ్మ చేయించి, తల్లి దానికి స్నానం చేయించేది, తిండి పెట్టేది, కామ్‌వుడ్ ఎర్రపొడి ఒంటికి పూసేది, జుట్టుకు నీలిమందు రాసేది. పోయింది పసిబిడ్డే అయినా, బొమ్మ రూపం ఎదిగిన మనిషిదే. కొన్ని బొమ్మలకు కళ్లూ ముక్కూ దాదాపు చెరిగిపోయి ఉంటాయి. పాతబడి పాడైందనుకుని పక్కదానికి వెళ్లిపోకండి. కడిగి కడిగి, పూసి పూసి అలా అయింది. నా మటుకు నాకు, ముక్కూమొహం చెక్కుచెదరనిదానికంటే అదే గొప్ప శిల్పం.

ఇక శిల్పుల పేర్లు. చాలా వస్తువుల కింద 'యొరుబా కళాకారుడు' అని మాత్రమే ఉంటుంది. పేర్లు లేక కాదు, తీసుకుపోయినవాళ్లు అడక్క. ఇసే ఊరి ఒలోవే, 1938లో పోయాడు, ఎంత పేరున్నవాడంటే అతని మీద స్తుతిగీతమే ఉంది. ఒలోవే పోయాక చాలా ఏళ్లకు అతని భార్యల్లో ఒకావిడ పాడితే పరిశోధకులు రికార్డు చేసుకున్నారు. ఇకేరే రాజు కోసం అతను చెక్కిన తలుపు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానిమీద తెల్లదొర డోలీలో వస్తుంటాడు, రాజు దర్జాగా కూర్చుని ఉంటాడు. 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శనకు పంపితే మ్యూజియం వాళ్లు మనసుపడ్డారు. రాజు అమ్మనని, బదులుగా ఇంగ్లండులో చేసిన సింహాసనం పుచ్చుకున్నాడు. ఈ బేరంలో ఎవరు గెలిచారో నేను చెప్పలేను. అదే మ్యూజియం సైట్‌లో మన అమరావతి స్తూపం పలకల కోసం వెతికేవాళ్లు ఓ అయిదు నిమిషాలు ఈ తలుపుకూ కేటాయించవచ్చు.

స్క్రీన్ మీద చూసేది చూడటమే కాదు, పవిత్రమైన వస్తువు ఫొటోలో చస్తుంది అనే పెద్దలున్నారు. వాళ్లకు యొరుబా తల్లులే జవాబు చెప్పారు. 1970ల నాటికి కొన్ని ఊళ్లలో ఇబేజీ బొమ్మ స్థానంలోకి స్టూడియో ఫొటో వచ్చింది. బతికున్న బిడ్డను ఫొటో తీసి, అదే నెగెటివ్‌ను పక్కపక్కన రెండుసార్లు ముద్రిస్తే ఇద్దరు కవలలూ కూర్చున్నట్టే వచ్చేది. పోయింది మగపిల్లాడు, మిగిలింది ఆడపిల్ల అయితే, ఆ పిల్లకే అబ్బాయి బట్టలు తొడిగి ఇంకో ఫొటో తీసి జతచేసేవారు. ఫొటోలో శక్తి నిలుస్తుందా లేదా అన్న చర్చను వాళ్లు ఏనాడో ఫొటో స్టూడియోలో తేల్చేసుకున్నారు. మ్యూజియాల సైట్లలో ఇబేజీ అని కొడితే మాత్రం నాకు వరసలకు వరసలు చెక్కబొమ్మలే వస్తున్నాయి. ఆ ఫొటోలను కూడా అదే పేరు కింద, చెక్కబొమ్మల వరసలోనే పెట్టాలి. తీసిన స్టూడియో పేరు, తీయించిన ఇంటి ఊరు దొరికితే వాటితో సహా.