కొట్టువాణ్ణి తిట్టేముందు లెక్క వేయండి

పెద్దకూర తినేవాళ్లకే చెప్తున్నా.

గ్రూపులో మూడు రోజులుగా ఒకటే మాట: "విజయవాడ కొట్లలో కొనడం దండగ. ఉయ్యూరు, కంకిపాడు వైపు రైతు దగ్గర గేదెను నేరుగా కొంటే సగం ధరే." ఈ మాట తప్పు.

300 కిలోల గేదె 30 వేలు అనుకుందాం. కిలో వంద అని సంబరపడకండి. తల, తోలు, కాళ్లు, పేగులు పోతే మిగిలేది దాదాపు సగం. ఎముక కూడా తీస్తే మూడో వంతు. అంటే మెత్తటి కూర కిలో 300 పడింది. బండి కిరాయి, కోతకూలి ఇంకా కలపలేదు. కొట్టు రేటును దీనితో పోల్చండి, వందతో కాదు.

మరి మా గూడెంలో ఎందుకు చవక? పోగులు వేస్తాం కాబట్టి. కార్జం, బోటి, ఎముకలు, తలకాయ అన్నీ ప్రతి పోగులో పడతాయి. ఏదీ పారెయ్యం. ఇక్కడికొచ్చాక మనకి మెత్తటి ముక్కే కావాలి, రేటు మాత్రం గూడెం రేటు కావాలి. ఎట్లా కుదురుద్ది?

ఇంకోటి. 1977 చట్టం ప్రకారం ఆవును కోయకూడదు. ఎద్దయినా గేదెయినా అధికారి రాసిచ్చిన ధ్రువపత్రం ఉండాలి. అది లేకుండా ఏ తోటలోనో కోయిస్తే కేసు మన మీద పడుద్ది. మన ఇళ్లలో కాలేజీ మెట్టెక్కింది మనమే మొదటివాళ్లం. చదువు పోతే ఆ కూర కిలో ఎంత పడినట్టు?

నేరుగా కొనాలా? కొందాం. యాభై మంది కలిసి, కాగితంతో, కబేళాలో కోయించి, పోగులు వేసుకుందాం. బోటి కూడా తినేవాళ్లు చెయ్యెత్తండి. మిగతావాళ్లు కొట్టువాణ్ణి తిట్టడం ఆపండి.