దొంగ పేరు రాయని పంచనామా

"పంచనామాల దొంగ పేరు రాయం సార్. కండ్లతోటి చూసిందే రాస్తం."

చేవెళ్లలో ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా ఈ మాట విన్నాం. ఆయన పోలీసు స్టేషన్‌లో రైటరుగా ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యారు. మా మధ్య చాప మీద పాత డిటెక్టివ్ నవలల కట్ట ఉంది. ఎప్పుడో ఒక అద్దె పుస్తకాల షాపు ఎత్తేస్తుంటే తూకానికి కొన్నవట. అట్టలు ఊడిపోయాయి, కాగితం చాయ్ రంగుకు తిరిగింది, అంచుల్లో ఎవరెవరివో లెక్కలు, ఇంటి పేర్లు. ఒక పుస్తకానికి చివరి పన్నెండు పేజీలు లేవు.

చివర లేని పుస్తకాన్ని ఎందుకు దాచుకున్నారని అడిగాం. నాలుగుసార్లు చదివానని చెప్పారు. హంతకుడెవరో ఆయనకు ఇప్పటికీ తెలియదు. "శవం యాడ పడ్డది, గడియారం ఎన్ని గంటలకు ఆగింది, తలుపు గడియ లోపలికెల్లి ఏసి ఉన్నదా లేదా... అంత సాఫ్‌గ రాసిండు సార్. కొత్తగ వచ్చిన పిల్లలకు పంచనామా నేర్పాలంటే గీ పుస్తకమే సదవమనేటోణ్ని" అన్నారు.

నేర పరిశోధన నవలను ఎలా చదవాలి, దాని మీద ఎలా రాయాలి అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు మాకు ఏ విమర్శ గ్రంథంలోనూ దొరకలేదు.

నేరస్థల పంచనామా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఈ పోలిక వెంటనే అందుతుంది. ముందు హద్దులు: తూర్పున ఏముంది, పడమర ఏముంది. తర్వాత అక్కడ ఏ వస్తువు ఏ స్థితిలో కనబడింది. ఉండాల్సినచోట ఏది లేదు. ఇదంతా ఇద్దరు పంచుల ఎదుట, వాళ్ల సంతకాలతో. నేరం ఎవరిదన్నది ఆ కాగితం తేల్చదు; దానికి చార్జిషీటు ఉంది, ఆ పైన కోర్టు ఉంది. కానీ పంచనామా సరిగ్గా లేకపోతే ఆ పైనదంతా బలహీనపడుతుంది. మిస్టరీ నవల మీద సమీక్ష చేయాల్సిన పని కూడా సరిగ్గా ఇదే.

తెలుగులో అపరాధ పరిశోధక నవల వయసు నూరేళ్ల పైమాటే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' రాశారు. బెంగాలీ నుంచి పాంచకడి దే నవలలు మన భాషలోకి వచ్చాయి. తర్వాత కొమ్మూరి సాంబశివరావు (1926-1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు తెలుగు ఇళ్లలో చుట్టాలంత దగ్గరయ్యారు. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర డిటెక్టివ్ కథలకూ కలం పట్టారు. మధుబాబు షాడో నవలల కోసం బస్టాండు పుస్తకాల షాపుల దగ్గర కుర్రాళ్లు కాచుకున్నారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి 'చంటబ్బాయ్' నవలను 1986లో జంధ్యాల సినిమాగా తీస్తే డిటెక్టివ్ పాండురంగారావు పేరు ఇంటింటి మాటైంది.

ఇంతమంది ఇంత ఇష్టంగా చదివిన సాహిత్యం మీద మన సాహిత్య పత్రికలు రాసింది చాలా తక్కువ. రాసినా రెండే దారులు. ఒకటి, 'కాలక్షేపం' అని ఒక్క ముక్కలో తోసెయ్యడం. రెండోది, కథంతా చెప్పేసి ముగింపును కూడా పాఠకుడి ముందు పరిచెయ్యడం. మొదటిది రచయితకు అన్యాయం, రెండోది పాఠకుడికి ద్రోహం. మా పత్రిక కూడా ఇన్నాళ్లూ ఈ సాహిత్యానికి చోటివ్వలేదు. ఆ తప్పును ఒప్పుకుంటూనే ఈ మాటలు రాస్తున్నాం.

మిగతా చోట్ల పరిస్థితి వేరు. ఇంగ్లండులో డొరొతీ సేయర్స్ తాను డిటెక్టివ్ నవలలు రాస్తూనే 1933 నుంచి 1935 వరకు సండే టైమ్స్‌లో తోటి రచయితల పుస్తకాలను సమీక్షించారు. అమెరికాలో ఆంథొనీ బౌచర్ 1951 నుంచి 1968లో చనిపోయేదాకా న్యూయార్క్ టైమ్స్‌లో అదే పని చేశారు. 1944లో ఎడ్మండ్ విల్సన్ అంతటి విమర్శకుడు ఈ నవలలను తీసిపారేస్తే, చదివేవాళ్లు ఊరుకోలేదు. ఆయనకు ఉత్తరాల వర్షం కురిపించారు. బెంగాల్‌లో శరదిందు బందోపాధ్యాయ 1932లో బ్యోమకేశ్ బక్షీని పరిచయం చేస్తూ అతన్ని సత్యాన్వేషి అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ పాత్రకు గౌరవమూ, బాధ్యతా రెండూ వచ్చాయి.

అయితే సమీక్షకుడు పంచనామాలో ఏం రాయాలి?

ముందు హద్దులు రాయాలి. కథ జరిగిన చోటు నిజంగా ఉందా? మద్రాసు ముఖం చూడని తెలంగాణ పాఠకులు యుగంధర్ వెంట మద్రాసు వీధులు తిరిగారు. అది ఆ నవలల బలమే. కానీ మన కాళ్ల కింది నేల సంగతేమిటి? మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా బీజాపూర్ రోడ్డు మీద ఒక్కసారి ప్రయాణించండి. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల దారిలో తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. రోడ్డు విస్తరణలో వాటి ప్రాణం మాటేమిటన్నది హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఈ ప్రాంతంలోనే, 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ 69వ జీవో వచ్చింది. ఈ రెండు కాగితాల మధ్య పాతికేళ్లలో పెరిగిన ఆశ, అప్పు, పగ, ప్రహరీ గోడల వెనక ఫామ్‌హౌస్‌లు, ఒక్క రాత్రిలో జరిగిన హద్దురాయి, పహాణీలో ఒక పేరు, సాగులో ఇంకో పేరు. ఒక గొప్ప నేర నవలకు కావలసిన సరంజామా అంతా ఇక్కడుంది. ఇక్కడ ఆధారం రక్తపు మరకలో కంటే సర్వే నంబరులో దొరుకుతుంది. ఆ నవల రాయమని అడిగే సమీక్షకుడు కావాలి.

తర్వాత ఆధారాలు. పాఠకుడి కళ్లముందు పెట్టని ఆధారంతో రచయిత చివర్లో గెలిస్తే అది గెలుపు కాదు. 1929లో రోనాల్డ్ నాక్స్ పది నియమాలు రాసింది ఇందుకే. 1926లో అగాథా క్రిస్టీ రాసిన రోజర్ ఆక్రాయిడ్ నవల ఆట నియమాన్ని పాటించిందా లేదా అని నేటికీ వాదిస్తారు. ఆ వాదన దేని గురించో ఇక్కడ రాయం. దాదాపు నూరేళ్లయినా ఆ పుస్తకం ఇవాళ మొదటిసారి తెరిచే పాఠకురాలు ఒకరుంటారు. ఆమె హక్కు మాకు ముఖ్యం.

ఆ తర్వాత, చచ్చిపోయిన మనిషి. చాలా నవలల్లో శవం ఒక వస్తువు. ముఖ్యంగా ఆడమనిషి శవమైతే వర్ణన ఎక్కువ, దుఃఖం తక్కువ. ఆమెకు ఒక పేరు, ఒక పని, ఎదురుచూసే ఇల్లు ఉన్నాయని రచయితకు గుర్తుందా అని సమీక్షకుడు అడిగి తీరాలి. అనుమానం ఎవరి మీద పడిందన్నది కూడా రాయాలి. ఫామ్‌హౌస్‌లో ఏం జరిగినా అందరి చూపూ ముందు వాచ్‌మన్ మీదికే పోతుంది. పొట్ట చేతపట్టుకుని ఎక్కడినుంచో వచ్చిన కుటుంబం అది. ఆ చూపును నవల ప్రశ్నించిందా, లేక దానికే వంత పాడిందా? నేర నవల విలువ అక్కడ తేలుతుంది. నిజం కనిపెట్టడమంటే లోకం తేలిగ్గా నమ్మే అబద్ధాన్ని ఒప్పుకోకపోవడమే కదా.

ఇవన్నీ చెప్పడానికి హంతకుడి పేరు అక్కర్లేదు. ముగింపు తెలిశాక కూడా మళ్లీ చదివించేది మంచి నవల. ముగింపు చెప్పకుండానే ఆ సంగతి నమ్మించేది మంచి సమీక్ష.

వచ్చే సంచిక నుంచి నేర పరిశోధన నవలలకు మా పత్రికలో రెండు పేజీలు కేటాయిస్తున్నాం. పాతవీ కొత్తవీ, తెలుగువీ తెలుగులోకి వచ్చినవీ అన్నిటికీ చోటుంటుంది. శీర్షిక పేరు 'పంచనామా'. మొదటిది రాయమని చేవెళ్ల పెద్దాయననే అడిగాం. ముందు మొహమాటపడ్డారు. ఆ నవల పూర్తి ప్రతి వెతికి తెస్తామన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, "ఇప్పుడే వద్దు సార్. రాసినంక తెండ్రి" అన్నారు.

చివరి పన్నెండు పేజీలు లేని ఆ పుస్తకం మీదే మా తొలి సమీక్ష.