గుండిగా, గ్యాసు పొయ్యీ

కన్సల్టెంటు బతుకంటే తెలిసిందేగా, ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడే కాపురం. అమెరికా వచ్చాక ఏడు అపార్టుమెంట్లు మారాం. గ్యాసు పొయ్యి ఉన్న ఇల్లు దొరికితే మా ఆవిడకి పండగే. కరెంటు పొయ్యి మీద పుల్కాలు పొంగవని ఆవిడ బాధ.

ఆ మధ్య సంక్రాంతికి పాతికమందిని భోజనానికి పిలిచాం. ఇండియా నుంచి మోసుకొచ్చిన పెద్ద గుండిగలో అన్నం పెట్టాం. ఒక బర్నరు చాలదని రెండింటి మీదా అడ్డంగా పెట్టి, మంట పూర్తిగా తిప్పాం. బయట మంచు, కిటికీలన్నీ బిగించేశాం. ముప్పావుగంటకి హాల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కుయ్యోమంది. "పోపు పొగకేలే బావా" అంటూ మా బావమరిది బేటరీ పీకబోయాడు. ఈ దేశంలో మనవాళ్ళకి చెయ్యి తిరిగిన పని కదా! కానీ అప్పటికింకా పోపే వెయ్యలేదు. పొయ్యి కట్టేసి, పిల్లల్నీ పెద్దల్నీ చలిలోకి తరిమి, 911కి ఫోన్ చేశాం. ఫైరింజన్ వాళ్ళు మీటరుతో ఇల్లంతా తిరిగి, చివరికి గుండిగ అడుగున పట్టిన మసి చూపించారు.

సంగతేమిటంటే, మంటకి గాలి కావాలి. వెడల్పాటి అడుగు బర్నర్లని మూసేస్తే గాలి చాలదు. పైగా చల్లటి గిన్నెకి తగిలి మంట పూర్తిగా మండకుండానే చల్లారుతుంది. నీలంగా ఉండాల్సింది పచ్చబడుతుంది, మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు. "గ్యాసు వాసన రాలేదే!" అని అందరూ అన్నారు. ఆ వాసన మండని గ్యాసు లీకైతే తెలియడానికి కలిపింది, దీన్ని పట్టివ్వదు. పొయ్యి పైన ఫ్యాను పెట్టాంగా అంటారా? మా ఇంట్లో ఉన్నలాంటివి జిడ్డు వడకట్టి అదే గాలిని మళ్ళీ మన మొహానే కొడతాయి. బయటకి గొట్టం ఉందో లేదో ఓసారి చూసుకోండి.

నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే నాన్‌స్టిక్కు మంచిదా, ఇనప పెనం మంచిదా అని గంటలు వాదించుకుంటాం. (నా ఓటు ఇనప పెనానికే. ఖాళీ నాన్‌స్టిక్కు పెనాన్ని పెద్ద మంట మీద వదిలేస్తే కొద్ది నిమిషాల్లోనే 260 డిగ్రీల సెల్సియస్ దాటి పూత పాడవడం మొదలవుతుంది.) గిన్నె అడుగెంత, దాని కింద మంటెంత అని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే కొనేటప్పుడు చూడాల్సింది ముందు అదే. మంట గిన్నె అంచులు దాటి పైకెక్కకూడదు, గిన్నె కూడా బర్నరుని దాటి మరీ బయటకి రాకూడదు. గుండ్రటి అడుగు మూకుడైతే, నూనె పొయ్యకముందే కదిపి చూడండి. ఇక్కడి పొయ్యిల కమ్మీల మీద అది ఉయ్యాలూగుతుంది.

"మరి పాతికమందికి ఎలా వండమంటారు?" అంది మా ఆవిడ. రెండు మామూలు గిన్నెల్లో, రెండు వాయిలుగా. మొదటి వాయి కాస్త చల్లారింది, ఎవరూ ఏమీ అనలేదు. గుండిగలో ఇప్పుడు సోనామసూరి బియ్యం పోసుకుంటున్నాం. సరిగ్గా ఒక బస్తా పడుతోంది.