నా రికో నేనే రాసుకున్నాను

పోయిన వారం మా టీములో కుర్రాడొకడు లంచ్ అయ్యాక నా డెస్కు దగ్గరికొచ్చాడు. "అన్నా, ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నా. నీ పేరు మీద ఒక రికో కావాలి. నీకేం శ్రమ ఉండదు, లెటర్ నేనే రాసి పంపిస్తా. లింకు వస్తే అప్‌లోడ్ చేసెయ్, చాలు" అన్నాడు. పాపం, నాకు పని తగ్గిద్దామనే వాడి ఉద్దేశం. నాకు మాత్రం 2018 గుర్తొచ్చి నవ్వూ, సిగ్గూ రెండూ వచ్చాయి.

అప్పుడు నేను బీటెక్ ఫైనల్ ఇయర్. రికో అడిగితే మా సారు, "నాకెక్కడ టైముందయ్యా, మీరే రాసుకురండి, సంతకం పెడతా" అన్నారు. ఆయన్నీ తప్పుపట్టలేం, సెక్షనుకి అరవై మందిమి. సీనియర్ల నుంచి వారసత్వంగా వచ్చిన వర్డ్ ఫైలొకటి ఉండేది. అందులో పేర్లు మార్చాం, అంతే. ఆ సీనియర్ అమ్మాయి కావడంతో, మావాడొకడి లెటర్లో సగం దూరం 'హీ', అక్కణ్ణించి 'షీ' :). నా మూడు లెటర్లలోనూ నేను సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, క్విక్ లెర్నర్‌నే. ముగ్గురు సార్లు, ఒకటే ఇంగ్లీషు, ఒకటే తప్పులు! అప్‌లోడ్ లింకు సార్ల మెయిలుకి వస్తుంది కదా, ఆ మెయిళ్ళ పాస్‌వర్డులు కూడా మా దగ్గరే. అప్లికేషన్‌లో "ఈ లెటరు చూసే హక్కు వదులుకుంటున్నాను" అని ఒక టిక్కు పెట్టాలి. నేనే రాసిన లెటరు నేను చూడనని టిక్కు పెట్టిన ఘనుణ్ణి నేను.

ఇక కాలేజీల సంగతి. లిస్టు కన్సల్టెన్సీవాళ్ళు ఇచ్చారు. సేఫ్ రెండు, మోడరేట్ రెండు, యాంబిషియస్ రెండు. స్కోరు చూసి ఇచ్చారే గానీ, నీకేం చదవాలనుంది అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కొన్ని యూనివర్సిటీలు విద్యార్థుల్ని చేర్పించినందుకు ఏజెంట్లకి కమీషన్ ఇస్తాయని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆరింట్లో ఐదు రిజెక్ట్. అవి రికోల వల్లే పోయాయని అనను, నా జీఆర్ఈ కూడా అంతంతమాత్రమే. ఆరోది వచ్చింది. సరిగ్గా అప్పుడే, 2019 జనవరిలో, ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వార్త బయటపడింది. మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వమే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. క్లాసుల్లేవు, టీచర్లు లేరు. ప్రభుత్వ లిస్టులో మాత్రం పేరుంది! వంద మందికి పైగా మన దేశపు విద్యార్థుల్ని అరెస్టు చేశారు, అందులో తెలుగువాళ్ళు చాలామంది. టీవీ చూస్తూ నాన్న అడిగారు, "నువ్వెళ్ళే కాలేజీలో పాఠాలు చెప్పేదెవర్రా?"

నాది అసలైన యూనివర్సిటీయే. కానీ నా దగ్గర సమాధానం లేదు. ఒక్క ప్రొఫెసరు పేరూ, ఒక్క కోర్సు పేరూ చెప్పలేకపోయాను. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకోవాల్సినవాణ్ణి, ఆగిపోయాను.

ఇన్నేళ్ళకి నాకు అర్థమైంది ఒకటే. నేనెవరో తెలియని వాళ్ళతో లెటర్లు ఇప్పించుకుని, నాకేమీ తెలియని కాలేజీలకి పంపాను. రెండూ ఒకే తప్పు. మా ఓఎస్ ల్యాబు సారు ఒకాయన ఉండేవారు. నేను రాసిన బుల్లి షెడ్యూలర్ ఎందుకు ఆగిపోతోందో నాతోపాటు రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చుని చూసిన మనిషి. ఆయన్ని అడగలేదు. ఎందుకంటే ఆయన అసిస్టెంట్ ప్రొఫెసరే, హెచ్ఓడీ కాదు కదా!

2020 తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ తప్పనిసరి కాదనేశాయి, కొన్ని మళ్ళీ తెచ్చాయనుకోండి. స్కోరు లేని చోట అవతలివాళ్ళకి చూడ్డానికి మిగిలేది మార్కులూ, ఎస్ఓపీ, ఈ లెటర్లే. అక్కడ 'హార్డ్‌వర్కింగ్' అనే మాట ఎవరికి ఆనుతుంది?

అందుకే మావాడికి చెప్పాను. "లెటర్ నేనే రాస్తా. నువ్వు నాకు చేసిన పనుల జాబితా, ఎస్ఓపీ డ్రాఫ్టు, కాలేజీల గడువు తేదీలు ఇవ్వు. నెల టైమివ్వు." వాడి గురించి రాయడానికి నా దగ్గర సరుకుంది. రాత్రి జాబు ఒకే రికార్డుని రెండుసార్లు ప్రాసెస్ చేస్తుంటే మూడ్రోజులు లాగ్స్ తవ్వి కారణం పట్టుకున్నాడు. అది మళ్ళీ రాకుండా ఎవరూ అడక్కుండానే టెస్టు రాశాడు. సందేహం వస్తే అడగడానికి మొహమాటపడతాడు, అదీ రాస్తా. "నెగటివ్ ఎందుకన్నా?" అన్నాడు. అది ఉంటేనే మిగతాది నమ్ముతారని నా నమ్మకం.

కాలేజీల లిస్టు కూడా చూపించాడు. ఎనిమిది పేర్లు. "ఒక్కోదాంట్లో నువ్వు తీసుకోబోయే రెండు కోర్సులు, అవి ఎవరు చెప్తున్నారో, మొత్తం ఫీజెంతో రాసుకురా" అన్నాను. సోమవారానికి ఎనిమిది కాస్తా నాలుగయ్యాయి. మొహం వేలాడేశాడు గానీ, ఆ నాలుగింటి గురించి ఇప్పుడు వాళ్ళ నాన్న అడిగితే సమాధానం చెప్పగలడు.