ల్యాబ్ అంటే మెషిన్లేనా?

ఏరో ప్రాజెక్ట్ అనగానే మనం ముందు అడిగేది: "ల్యాబ్‌లో ఏ మెషిన్లున్నాయి?" నన్నడిగితే, ముందు అడగాల్సింది "అక్కడ ఎవరున్నారు? మనల్ని చెయ్యి పెట్టనిస్తారా?" అని.

కాల్‌టెక్ ఏరోనాటిక్స్ ల్యాబ్ 'గాల్సిట్' సంగతే చూడండి. 1936లో ఫ్రాంక్ మలీనా అనే స్టూడెంట్ రాకెట్ల మీద పని చేస్తానన్నాడు. అప్పట్లో రాకెట్ అంటే చాలామందికి నవ్వులాట. ప్రొఫెసర్ వాన్ కార్మన్ మాత్రం సరేనన్నారు. జట్టులోని పార్సన్స్, ఫోర్మన్ అసలు అక్కడి స్టూడెంట్లే కారు. అయినా తలుపు మూయలేదు. జేపీఎల్ పుట్టింది ఆ జట్టు నుంచే.

అదే ల్యాబ్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర మన సతీష్ ధావన్ 1951లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. గాలి ఉపరితలాన్ని ఎంత బలంగా రాసుకుంటూ పోతుందో నేరుగా కొలవడం ఆయన పని. బెంగళూరు ఐఐఎస్‌సీకి వచ్చాక సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టించారు. ఈరోజు మన శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే.

చాలా కాలేజీల్లో ఖరీదైన మెషిన్లు ఇన్‌స్పెక్షన్ రోజున మెరుస్తాయి, మిగతా రోజులు తాళంలో ఉంటాయి. స్టూడెంట్లు వాడితే పాడవుతాయట! నిజమే, కొన్ని పాడవుతాయి. కానీ వాడకపోతే మనకు పని రాదు. అందుకే గైడ్‌ని ఎంచుకునేముందు పేపర్లు లెక్కపెట్టడం కాదు, తాళంచెవి అడిగితే ఇస్తారో లేదో సీనియర్లని కనుక్కోండి.